తిరుపతిలో క్రైస్తవ వేదాంత విద్యకు చోటు

తిరుపతిలో మతాన్ని శాస్త్రంగా చదవాలనుకునేవారికి పెద్ద లోటేమీ లేదు. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెబుతారు. 1961లో పుట్టిన సంస్కృత విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. న్యాయం, మీమాంస, అద్వైతం, విశిష్టాద్వైతం అక్కడ ఆచార్య పట్టా దాకా చదువుకోవచ్చు. 2006లో వేద విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకు చాలా ముందే, 1939లో, దేవస్థానం నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. ఇదే ఊళ్లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం కేంద్ర కార్యాలయమూ ఉంది. నూట అరవై ఏళ్ల నాటి మిషన్‌కు వారసురాలైన సంఘమది. అయినా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఎవరైనా బైబులునో క్రైస్తవ వేదాంతాన్నో డిగ్రీ తర్వాత పైస్థాయిలో చదవాలంటే బస్సెక్కి బెంగళూరు వంటి నగరానికి పోవాలి, లేదా రాత్రి రైలెక్కి హైదరాబాదు పోవాలి. వెళ్లినా చేరేది సెమినరీలోనే. సెమినరీ ప్రధానంగా పాస్టర్లను తయారుచేసే చోటు. అక్కడ పై చదువంతా ఇంగ్లీషులో సాగుతుంది. ఈ చదువుకు మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, మన భాషలో, శంకర రామానుజుల పక్కన ఒక పీట వేయాలన్నదే నా వాదన. క్రైస్తవులకు వాటా దక్కాలని ఈ మాట అనడం లేదు. ఆ పీట లేనందువల్ల ఇరువైపులా పాండిత్యం కుంటుపడుతోంది, అందుకని అంటున్నాను.

ఇది కొత్త కోరిక కూడా కాదు. చిత్తూరు సీమలో క్రైస్తవ పాండిత్యానికి మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1700ల ఆరంభంలోనే ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు నేల మీద అడుగుపెట్టినప్పుడు వారి తొలి మజిలీల్లో పుంగనూరు ఒకటి. వచ్చినవారు ముందు తెలుగు నేర్చారు, తర్వాత పండితుల దగ్గర సంస్కృతం నేర్చారు. వారిలో కొందరు మతప్రచారం దాటి చాలా దూరం వెళ్లారు. జాన్ కాల్మెట్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపాడు. గాస్టన్ కూర్డూ తెలుగు నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండిత సభకు రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట చెప్పడానికి ఇంకా పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను తెలుగు ప్రబంధ ఫణితిలో ‘వేదాంత రసాయనము’గా చెప్పాడు. మిషనరీల ఉద్దేశాలు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఎదుటి మతాన్ని దాని సొంత గ్రంథాల్లో, దాని సొంత భాషలో చదివితే తప్ప మాట్లాడే అర్హత రాదని వారు గ్రహించారన్నది మాత్రం కాదనలేం. ఈ విషయంలో ఈనాటి మన విశ్వవిద్యాలయాలు వారికంటే వెనకబడి ఉన్నాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా రిఫార్మ్డ్ చర్చి వారి ఆర్కాటు మిషన్ చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లో వేళ్లూనింది. 1863లో మదనపల్లె చేరిన జేకబ్ చాంబర్లిన్ వైద్యం చేశాడు, ఊరూరా తిరిగాడు. మన విషయానికి అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 1873 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఆయన తెలుగు బైబులు సవరణ సంఘానికి అధ్యక్షుడు. హెబ్రీ, గ్రీకు మూలాలను ఎదురుగా పెట్టుకుని ప్రతి వచనానికీ తెలుగులో నిలబడే మాట వెతకడం ఆ సంఘం పని. తర్వాత తెలుగులో బైబులు నిఘంటువు రాసే పనికి పూనుకుని, చివరి ఏళ్లు దానికే ఖర్చు చేసి, 1908లో మదనపల్లెలో కన్నుమూశాడు. ఆర్కాటు మిషన్ వేదాంత పాఠశాల 1880ల చివర్లో తెరుచుకున్నదీ పలమనేరులోనే. తర్వాత అది వేలూరుకు తరలిపోయింది. తూర్పున సూళ్లూరుపేట నుంచి తిరుపతి, పుత్తూరు దాకా జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు 1865 నుంచి పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వారిని బ్రిటిషు ప్రభుత్వం శత్రుదేశస్థులుగా చూడటంతో ఆ పని అమెరికా లూథరన్ల చేతికి వెళ్లింది. బడులు, ఆసుపత్రులు మిగిలాయి. వేదాంత పాఠశాల మాత్రం ఈ సీమలో మిగల్లేదు.

ఆ లూథరన్ల బడి నుంచే మన చర్చకు అన్నిటికంటే బరువైన సాక్ష్యం వస్తుంది. అప్పట్లో ఈ సీమలో భాగంగా ఉన్న తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 దాకా చదివింది తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ బడిలో. తర్వాత ఆర్కాటు మిషన్ వారి వేలూరు వూర్‌హీస్ కళాశాల, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. అంటే 1896 నుంచి ఎం.ఏ. దాకా ఆయన చదువంతా క్రైస్తవ సంస్థల్లోనే సాగింది. ఆ మద్రాసు కళాశాలలో ఎ.జి. హాగ్ అనే స్కాట్లాండు తత్వవేత్త కర్మ సిద్ధాంతాన్ని క్రైస్తవ విమోచన భావనతో ఎదురెదురుగా నిలబెట్టి వ్యాసాలు రాస్తున్నాడు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ ఆ రోజుల్లో మిషనరీల నోట గట్టిగా వినిపించేది. దానికి జవాబుగా రాధాకృష్ణన్ వేదాంత నీతిశాస్త్రం మీద ఎం.ఏ. సిద్ధాంతవ్యాసం రాశారు, 1908లో అది అచ్చయింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆయనను వేదాంతం వైపు తిప్పింది సంప్రదాయ పాఠశాల కాదు, వేదాంతాన్ని గట్టిగా ప్రశ్నించిన క్రైస్తవ తరగతి గది. ఆ వ్యాసాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం రాసినవాడూ హాగే. తర్వాతి కాలంలో రాధాకృష్ణన్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన ‘హిందూ జీవన దృష్టి’ 1926లో ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కళాశాలలో ఇచ్చిన ఉపన్యాసాలు. అది కూడా క్రైస్తవ వేదాంతం చెప్పే కళాశాలే. ఎదురుచదువు లేకపోతే రాధాకృష్ణన్ ఏమయ్యేవారో చెప్పలేం గానీ, మనకు తెలిసిన రాధాకృష్ణన్ మాత్రం ఆ చదువులో రాటుదేలినవారే.

అటువైపు నుంచి కూడా ఇలాంటి ఉదాహరణే ఉంది. తెలుగువాడైన పాండిపెద్ది చెంచయ్య (1886–1959) అదే క్రైస్తవ కళాశాలలో తత్వశాస్త్రం చదివారు. వృత్తి న్యాయవాదం, తర్వాత పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. సెమినరీ పట్టా లేదు, పాస్టరు పదవి లేదు. 1938లో మద్రాసు మిత్రులతో కలిసి తెచ్చిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే సంకలనం హెండ్రిక్ క్రేమర్ వంటి ఐరోపా వేదాంతులను నేరుగా ఎదుర్కొంది. హిందూ ఆధ్యాత్మిక సంపదను పక్కకు నెట్టి భారతీయుడు క్రీస్తును అర్థం చేసుకోలేడని చెంచయ్య వాదించారు. భారతీయ క్రైస్తవ వేదాంతం మీద ఏ దేశంలో పుస్తకం వచ్చినా ఆయన ప్రస్తావన ఉంటుంది. ఈ ఇద్దరూ ఒకే తరం, ఒకే కళాశాల, ఒకే తత్వశాస్త్ర శాఖ. ఒకరు హిందువుగా, ఒకరు క్రైస్తవుడిగా నిలిచారు. ఇద్దరికీ పదును వచ్చింది మాత్రం రెండు సంప్రదాయాలూ ఒకే బల్ల మీద ఉన్న చోటే. ఆ తర్వాతి కాలంలో ఆ బల్లను రెండుగా కోసేశాం. వేదాంతం విశ్వవిద్యాలయానికి వెళ్లింది, బైబులు సెమినరీకి వెళ్లింది.

సెమినరీల కృషిని తక్కువ చేయడం అన్యాయమవుతుంది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాలకు డెన్మార్కు రాజు 1827లో పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. 1918లో బెంగాల్ శాసనం దాన్ని మళ్లీ చట్టబద్ధం చేసింది. ఈనాడు దేశంలోని అనేక ప్రొటెస్టెంటు వేదాంత కళాశాలల బి.డి., ఎం.టి.హెచ్. పట్టాలు శ్రీరాంపూర్ సెనేటు ఇచ్చేవే. 1910లో మొదలైన బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కళాశాల చిత్తూరు వారికి దగ్గరలోనిది. ఆర్కాటు మిషన్‌కూ దానికీ తొలినాళ్ల నుంచి బంధముంది. తెలుగువారి కోసం 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడింది. రామపట్నం బాప్టిస్టులు, రాజమండ్రి లూథరన్లు, దోర్నకల్ వారు ఎవరికి వారుగా నడిపిన పాఠశాలలు ఒక్కటయ్యాయి. 1973లో ఆ కళాశాల హైదరాబాదుకు మారింది. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమూ అందులో భాగస్వామి. కాథలిక్కులకు హైదరాబాదులో సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. ఒకరినొకరు అనుమానించుకునే సంఘాలు కలిసి ఒక కళాశాల నడపడం తెలుగు క్రైస్తవ చరిత్రలో చిన్న విషయం కాదు. దళిత వేదాంతం పుట్టిందీ ఈ సెమినరీల్లోనే. 1981లో బెంగళూరు కళాశాలలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం దానికి నాంది పలికింది. మరుసటి ఏడాది ఉస్మానియా తత్వశాస్త్ర ఆచార్యుడు కె. విల్సన్ దళిత క్రైస్తవుల రెండింతల పరాయితనం మీద హైదరాబాదులో పుస్తకం తెచ్చారు. తెలుగు నేల మీద ఆ ఆలోచనకు దన్ను ఒక విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర శాఖ నుంచి వచ్చిందన్నది నా వాదనకు చాలా అవసరమైన సంగతి.

లోపమల్లా భాషలోనూ, శ్రోతల్లోనూ ఉంది. సెమినరీలో ఎం.టి.హెచ్. విద్యార్థి పాత నిబంధన మీదో క్రొత్త నిబంధన మీదో రాసే సిద్ధాంతవ్యాసం ఇంగ్లీషులో ఉంటుంది. చదివేది మార్గదర్శకుడూ, ఇద్దరు పరీక్షకులూ. ఆదివారం అదే విద్యార్థి పుత్తూరులోనో పీలేరులోనో పల్లె సంఘానికి తెలుగులో ప్రసంగిస్తాడు. ఈ రెండిటి మధ్యా వంతెన లేదు. సువార్తల కాలక్రమం గురించి, యెషయా గ్రంథంలో చెర కాలపు గొంతు గురించి, పౌలు పత్రికల కర్తృత్వం గురించి లోకమంతా రెండు వందల ఏళ్లుగా సాగుతున్న చర్చ తెలుగు సంఘంలోకి దిగదు. తెలుగులో జరిగిన పని లేదని కాదు. జెస్యూట్ ఫాదర్ పూదోట జోజయ్య బైబులు భాష్య సంపుటాలు ఒక జీవితకాలపు శ్రమ. తెలుగు క్రైస్తవ మూల రచనల గ్రంథసూచిని రావెల జోసెఫ్, బి. సునీల్ భాను 1993లో తెచ్చారు. ఆ సూచి తిరగేసినవారికి తెలుగు క్రైస్తవ సాహిత్యం ఎంత విస్తారమో అర్థమవుతుంది. అయితే ఆ సాహిత్యాన్ని చదివి, విమర్శించి, తర్వాతి తరానికి అప్పగించే శాఖ ఏ తెలుగు విశ్వవిద్యాలయంలో ఉంది? పురుషోత్తమ చౌదరి కీర్తనల మీద తెలుగు శాఖల్లో అడపాదడపా పరిశోధన జరగవచ్చు. ఆ కీర్తనల్లోని వేదాంతాన్ని పరిశీలించాలంటే గ్రీకు క్రొత్త నిబంధనా తెలియాలి, మన భక్తి సంప్రదాయమూ తెలియాలి. ఈ రెండూ తెలిసినవారిని తయారుచేసే చోటు మనకు లేదు.

బైబులు పాండిత్యం అంటే భక్తి ప్రసంగమనే అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. నిజానికి అది ప్రాచీన పాఠాలను పరిశీలించే కఠినమైన శాస్త్రం. గ్రీకు క్రొత్త నిబంధనకు ఐదు వేలకు పైగా చేతిరాత ప్రతులున్నాయి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అత్యంత ప్రాచీనమైన సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేవు. ఏ పాఠం ముందుది, ఏది తర్వాత చేరింది, లేఖకుడు ఎక్కడ తడబడ్డాడు, ఎక్కడ కావాలని సర్దాడు? ఈ ప్రశ్నలు తిరుపతిలో తాళపత్రాలతో కూర్చునేవారికి కొత్తవి కావు. పూనాలో భండార్కర్ సంస్థ 1919లో తలపెట్టి 1966లో ముగించిన మహాభారత పరిశోధిత ప్రతికి సారథ్యం వహించిన సుక్తంకర్ జర్మనీలో చదివి వచ్చినవారు. ఆ ఐరోపా పద్ధతి గ్రీకు, లాటిన్ కావ్యాల మీదా బైబులు మీదా పదునెక్కినదే. ఆ పద్ధతికి పేరు తెచ్చిన లాఖ్‌మన్ 1831లో క్రొత్త నిబంధనను కూడా పరిష్కరించాడు. అంటే సంస్కృత పాఠ పరిష్కర్తా బైబులు పాఠ పరిష్కర్తా ఒకే గురుకులం బిడ్డలు. ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి పని ఒకరికి తెలియకపోవడం నిజంగా విచారకరం. సంస్కృత విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టరు గ్రీకు, హెబ్రీ పాఠాలు చెప్పించినా అది ముందుగా సంస్కృత విద్యార్థికే మేలు.

విశ్వవిద్యాలయం వైపు లోటు కూడా తక్కువదేమీ కాదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి 1975 నుంచి 1978 దాకా ఉపకులపతిగా ఉన్న కొత్త సచ్చిదానందమూర్తి 1959లో అద్వైత వేదాంతంలో శ్రుతికీ తర్కానికీ ఉన్న సంబంధం మీద పుస్తకం రాశారు. దైవవాక్కు అన్నది ఎలా ప్రమాణమవుతుంది, తర్కం దాన్ని ఎంతవరకు నిలదీయవచ్చు అన్న ప్రశ్న క్రైస్తవ వేదాంతంలో అక్వినాస్ నుంచి బార్త్ దాకా నడిచిన ప్రశ్నే. ఈ రెండు చర్చలనూ ఎరిగి మాట్లాడగల తెలుగు తత్వవేత్త మూర్తి. అలాంటి వారు మళ్లీ రావాలంటే విద్యార్థికి శబర భాష్యంతో పాటు బార్త్ కూడా అందాలి, పుస్తకంలో రెండు పేజీలుగా కాక ఒక కోర్సుగా అందాలి. విశిష్టాద్వైత ప్రపత్తినీ లూథర్ చెప్పిన కృపనూ పక్కపక్కన పెట్టి చదివితే ఎంత దూరం సాగవచ్చో ఊహించండి. రామానుజుల సంప్రదాయానికి పట్టుగొమ్మ అయిన ఊళ్లోనే లూథరన్ సంఘానికి కేంద్రం ఉంది. ఈ రెండు కృపా సిద్ధాంతాల పోలిక మీద పరిశోధనకు భూమ్మీద ఇంతకంటే అనువైన స్థలం నాకు తోచడం లేదు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ రాజ్యాంగానిది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతుంది. నిజమే, అది మంచి నియమం. కానీ మతబోధ వేరు, మతాన్ని అధ్యయనం చేయడం వేరు. 1971లో డి.ఎ.వి. కళాశాల కేసులో సుప్రీంకోర్టు గురునానక్ జీవితం, బోధల మీద విశ్వవిద్యాలయంలో అధ్యయనం జరగడం మతబోధ కిందికి రాదని తేల్చింది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ మతాల గురించి చెప్పడం లౌకికత్వానికి విరుద్ధం కాదంది. అమెరికాలో 1963 షెంప్ తీర్పు ఈ తేడానే గుర్తించింది. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మతాధ్యయన శాఖలు పెద్ద ఎత్తున విస్తరించాయి. అంత దూరం పోనక్కర్లేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో వైష్ణవం, శైవ సిద్ధాంతం, జైనం, క్రైస్తవం వేర్వేరు శాఖలుగా ఉన్నాయి. మైసూరు విశ్వవిద్యాలయంలోనూ క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది. తిరుపతికి అటూ ఇటూ చెల్లిన పని తిరుపతిలో చెల్లదనడానికి కారణం కనబడదు. 1948–49 విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించిన రాధాకృష్ణనే డిగ్రీ మొదటి ఏడు బుద్ధుడు, ఏసు, శంకరుడు, మహమ్మదు, నానక్ వంటి వారి జీవితాలు, రెండో ఏడు ప్రపంచ మతగ్రంథాల నుంచి ఎంపికలు, మూడో ఏడు మత తత్వశాస్త్రంలోని మూల సమస్యలు చెప్పాలని సిఫారసు చేశారు. ఆ అధ్యాయాన్ని మనం ఆచరణలోకి తేలేదు.

రెండోది, ఇంతకంటే సున్నితమైనది, తిరుపతి పుణ్యక్షేత్రమన్న ఆక్షేపణ. కొండ మీద అన్యమత ప్రచారం జరుగుతోందన్న ఆందోళన ఇక్కడ ఎన్నోసార్లు రేగింది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం తిరుమలతో సహా క్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారాన్ని చట్టంతో నిషేధించింది. భక్తుల మనసును గౌరవించాల్సిందే, ఆ నిషేధంతో నాకు పేచీ లేదు. కాకపోతే ప్రచారాన్ని అడ్డుకోవడానికి చదువు శత్రువు కాదు, మిత్రుడు. విశ్వవిద్యాలయ తరగతిలో అధ్యాపకుడు హిందువైనా, క్రైస్తవుడైనా, ఏ మతమూ లేనివాడైనా ఒకే ప్రశ్నపత్రం దిద్దుతాడు. విద్యార్థి నమ్మకానికి అక్కడ మార్కులుండవు. పైగా నిజమైన బైబులు పరిశోధన అత్యుత్సాహపు ప్రసంగీకుణ్ణే ముందుగా ఇబ్బంది పెడుతుంది. ఏ వచనాన్ని సందర్భం నుంచి ఊడబెరికినా అడిగేవారు పుడతారు. హిందూ పండితుల వైపు నుంచి కూడా ఇది లాభమే. క్రైస్తవ విమర్శకు జవాబు చెప్పాలనుకునేవారు ముందు దాన్ని దాని మూలంలో చదవాలి. మద్రాసులో 1908లో ఇరవయ్యేళ్ల యువకుడు చేసింది అదే కదా.

మూడో ఆక్షేపణ సంఘాల లోపలి నుంచి వస్తుంది. లౌకిక విశ్వవిద్యాలయంలో బైబులును మామూలు గ్రంథంలా కోసి చూస్తారు, విశ్వాసం చల్లారిపోతుందని అయ్యగార్లు భయపడతారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టేయలేను. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో పుట్టిన విమర్శ పద్ధతి కొందరి విశ్వాసాన్ని కదిలించిన మాట వాస్తవం. అయితే అదే విశ్వవిద్యాలయాల నుంచి బార్త్, బోన్‌హోఫర్ వచ్చారు. విమర్శను పూర్తిగా చదివి, దాన్ని దాటి నిలిచినవారు వారు. మన దగ్గర విమర్శను తలుపు బయటే ఆపేయడం వల్ల జరిగిందేమిటి? మూల భాషల వాసన కూడా లేని, ఏ సంఘానికీ జవాబుదారీ కాని వ్యాఖ్యానాలు టీవీల్లో, ఫోన్లలో రోజంతా పారుతున్నాయి. చదువుకున్న పాస్టరు మాట వాటి హోరులో వినబడటం లేదు. సంఘానికి అసలు ప్రమాదం ఆ వైపు నుంచి ఉంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఈ చదువు చదివితే ఏమొస్తుందని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. యు.జి.సి. నెట్ పరీక్షలో తత్వశాస్త్రంతో పాటు మతాల తులనాత్మక అధ్యయనం కూడా ఒక విషయంగా ఉంది. కాబట్టి విశ్వవిద్యాలయ ఎం.ఏ. చేసినవారికి అధ్యాపక మార్గం తెరిచే ఉంటుంది. సెమినరీ పట్టాను పై చదువుకు ఒప్పుకునే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. దీనికి కులం కోణమూ ఉంది, దాన్ని దాటేయకూడదు. ఈ సీమ క్రైస్తవుల్లో పెద్ద భాగం మాల, మాదిగ కుటుంబాల వారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బీసీ–సీ కింద లెక్కిస్తారు. సెమినరీలో చేరడమంటే తన మతాన్ని కాగితం మీద ప్రకటించుకోవడమే. అందరికీ తెరిచిన విశ్వవిద్యాలయ కోర్సులో ఎవరి మతమేదని అడగాల్సిన పని లేదు. తమ తాతముత్తాతలు ఎందుకు ఆ మతం వైపు నడిచారో, ఆ నడకలో ఏం పొందారో, ఏం పోగొట్టుకున్నారో పరిశోధించే హక్కు ఆ పిల్లలకు ఏ హోదాకూ ముప్పు లేకుండా దక్కాలి.

ఆరంభానికి కొత్త భవనం అక్కర్లేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర శాఖ రెండేళ్ల ఎం.ఏ.లో మత తత్వశాస్త్రం, బైబులు పాఠ విమర్శ, భారతీయ క్రైస్తవ ఆలోచన అనే మూడు ఐచ్ఛిక పత్రాలు తెలుగులో రాసే వీలుతో పెట్టవచ్చు. సంస్కృత విశ్వవిద్యాలయం పాఠ పరిష్కరణలో తోడు నిలవవచ్చు. గ్రీకు, హెబ్రీ చెప్పడానికి బెంగళూరు, హైదరాబాదు కళాశాలల నుంచి అధ్యాపకులను పిలవవచ్చు. లూథరన్ సంఘమూ, సి.ఎస్.ఐ. రాయలసీమ డయాసిస్ కూడా తమ పాత మిషన్ రికార్డులను పరిశోధకులకు తెరిచి, వాటి నకళ్లను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. కాగితం ఎన్నేళ్లో ఆగదు, ఈ పని ముందు జరగాలి. పాలక మండలి సభ్యులకూ, సంఘ పెద్దలకూ, తత్వశాస్త్రం చెప్పే ఆచార్యులకూ నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరపు పాఠ్య ప్రణాళిక సమావేశంలో ఈ మూడు పత్రాలను చర్చకు పెట్టండి.